పళ్ళ మధ్య గాలం

2009లో అమెరికాలోని ఇర్వింగ్‌లో ఉండగా మావారికి బాస్ అనే రకం చేపలు పట్టే పిచ్చి పట్టుకుంది. ఓ ఆదివారం పడవలో నన్నూ లేక్‌లోకి తీసుకెళ్ళి, సీసపు గుండు ఉన్న చిన్న గాలపు ముల్లుకి రబ్బరు వానపామును ఎక్కించమన్నారు.

"స్ట్రెయిట్‌గా గుచ్చు. వంకరగా ఉంటే చేప నమ్మదు."

మెలితిరిగిన వానపామును సాగదీయడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. చీర కుచ్చిళ్ళు సర్దుకునేటప్పుడు పిన్నీసును పట్టుకున్నట్టే, అలవాటుగా ముల్లును పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

"పడింది! పడింది!" అంటూ మావారు ఒక్కసారిగా లేచారు. పడవ ఊగింది. "అమ్మో!" అన్నాను. నోట్లో ముల్లు లేదు!

పడవంతా వెతికాం. దొరకలేదు. గొంతులో ఏదో గీరుకుంటున్నట్టుంది.

"మింగేశావా? మాట్లాడకు, ఉమ్ము కూడా మింగకు!" అన్నారాయన. పడవను ఒడ్డుకి చేర్చి, కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఎమర్జెన్సీలో గౌను తొడిగి ఎక్స్‌రే తీశారు. తెర మీద సరిగ్గా నా ఛాతీ మధ్యలో ఆ కొక్కెం! పుట్టింట్లో వదిలొచ్చిన ఏడాది పాప కళ్ళ ముందు మెదిలింది.

డాక్టర్ నన్ను పక్కకి తిప్పి మరో ఎక్స్‌రే తీయించాడు. అందులో ముల్లు ఒంటికి బయట ఉంది. నర్సు నా గౌను లోపలినుంచి, భుజం మీదుగా ముందుకు పడివున్న జడను పైకి లాగింది. ముల్లు దానికే వేలాడుతోంది.

మొన్న మా అమ్మాయి చీర కట్టుకుంటూ పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుంది. అరిస్తే ఉలిక్కిపడుతుందని, చప్పుడు చేయకుండా వెళ్ళి దాని నోటి కింద దోసిలి పట్టాను.