ఐసుగడ్డలో తులసాకు

మాది శాకాహారుల ఇల్లు. వీధిలో ఎవరైనా చేపల పులుసు వండుకుంటే అమ్మ గబగబా కిటికీ తలుపులు మూసేది. అలాంటి ఇంటికి కొన్నేళ్లపాటు అన్నం పెట్టింది మాత్రం రొయ్యలే. ఈ మాట చెబితే మా చుట్టాలు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. చిట్లించనీ. ఆ రోజుల్లో తమ ఇళ్లలో పెళ్లిళ్లకు మా ఐసు ఊరికే పట్టుకుపోయినవాళ్లే వాళ్లంతా.

శ్రీకాళహస్తిలో, స్వర్ణముఖికి దగ్గరగా, నాయన ఐసు ఫ్యాక్టరీ నడిపేవాడు. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఎప్పుడూ దడదడలాడే యంత్రం, ఉప్పునీళ్ల తొట్టి, మంచినీళ్లు నింపి అందులోకి దించే పొడుగాటి డబ్బాలు. షెడ్డును ఆనుకునే మా ఇల్లు. మొదట్లో సోడా కొట్లకు ఐసు వేసేవాడు. డెబ్బైలలో పులికాట్ సరస్సు రొయ్యలకు విదేశాల్లో గిరాకీ పుట్టింది. సరస్సు దగ్గర అప్పటికి ఐసు దొరికేది కాదు. అందుకని మద్రాసు ఎగుమతిదారుల లారీలు ఇంతదూరం వచ్చి, మా గడ్డలను ఊకలో పొర్లించి, గోనెపట్టల్లో చుట్టుకుని పోయేవి.

"మనం అమ్మేది నీళ్లు. దాంట్లో వాళ్లు ఏం పెట్టుకుంటే మనకెందుకు?" అనేవాడు నాయన.

అమ్మకు ఆ మాట మింగుడు పడేది కాదు. "అది యాడికి పోతాదో దేవునికి తెలీదా?" అనేది. ఆ పాపం మా ఇంటికి చుట్టుకుంటుందన్న భయం ఆమెకు లోపల్లోపల ఉండేది. నాయనకు చెబితే నవ్వుతాడని చెప్పేది కాదు.

దేశం మొత్తం మీద రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఓడల్లో చోటు కోసం, ఢిల్లీలో పన్నుల తగ్గింపు కోసం వాళ్ల తరఫున కొట్లాడేది అదే. మా ఇంట్లో దానికి రొయ్యల సంఘం అని పేరు. ఒక ఏడు, విదేశపు రేవులో ఎవరివో పెట్టెలు తెరిస్తే ఊకపొట్టు కనిపించిందట. దాంతో ఆ ఒక్కరి సరుకే కాదు, మన దేశపు పెట్టెలన్నీ అక్కడే ఆపేశారు. కుళ్లినవి కుళ్లగా, మిగిలినవి తిరిగొచ్చాయి. అప్పుడు సంఘం ఒక కట్టుబాటు చేసింది. తాము స్వయంగా చూసి, సరే అన్న ఫ్యాక్టరీల దగ్గరే సభ్యులు ఐసు కొనాలి. అది ప్రభుత్వం చేసిన చట్టం కాదు. కానీ సభ్యులు కొనకపోతే మా ఐసు కొనే నాథుడెవరు?

సంఘాన్ని ఆడిపోసుకోవడం నాకు ఇష్టమే గానీ, ఉన్నమాట చెప్పాలి. నీళ్లు ఎలా శుభ్రం చేయాలో నేర్పడానికి వాళ్లే ఒక మనిషిని పంపారు. నాయన అతను చెప్పినవన్నీ చేశాడు. బావికి మూత కట్టించాడు, షెడ్డులో నున్నగా సిమెంటు వేయించాడు, ఊకను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. పనివాళ్లు కాళ్లు కడుక్కునే లోపలికి రావాలి. నీళ్లలో బ్లీచింగ్ పొడి కలిపి, వాసన చూసి తల ఊపేవాడు.

ఆ వాసన అమ్మకు పడలేదు. "సుద్ధి సుద్ధి అంటారు. ఆస్పత్రి కంపు, ఇదేం సుద్ధి?" అనేది. నేను తిరుపతిలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. సూక్ష్మజీవుల గురించి నాకు తెలిసిందేదో చెప్పబోతే, "నీ సదువు నీ కాడే పెట్టుకో" అంది.

పరీక్షకు మద్రాసు నుంచి సంఘం అధికారి వచ్చాడు. నుదుట సన్నని నామం. తిరుపతివాడేనట, గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబమట. అమ్మ మొహం విప్పారింది. "మనవాడే వచ్చినాడు, ఇంక భయం లేదులే" అని నా చెవిలో అని కాఫీ కలపడానికి పోయింది. ఆయన బావి చూశాడు, తొట్టి చూశాడు, పనివాళ్ల గోళ్లు కూడా చూశాడు. ప్రతిదానికీ బాగుందనే అన్నాడు. నాయన వెనకే నడుస్తున్నాడు, పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తండ్రిలాగా.

చివరికి ఒక డబ్బా పైకి తీయించమన్నాడు. గడ్డ జారి సిమెంటు మీదికి వచ్చింది. నడుమ తెల్లగా, అంచులు అద్దంలా ఉన్నాయి. ఆ అంచులో ఒక పక్కగా పచ్చటి తులసి దళం, ఇప్పుడే కోసినట్టుగా.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. తిరుమల కొండ నుంచి తెచ్చి దాచుకున్న తీర్థంలో తులసి వేసి, ముందురోజు సాయంత్రం డబ్బాల్లో నీళ్లు నింపగానే అమ్మ వచ్చి చల్లిపోయింది. పరీక్ష బాగా జరగాలని, రొయ్యల పాపం అంటకూడదని.

"ఎవరు ఏసినారు ఇది?" అన్నాడు ఆయన.

అమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. నాయన అటు చూడను కూడా లేదు. "నేనే ఏసినాను స్వామీ" అన్నాడు.

పక్క డబ్బాలు కూడా తీయించారు. అమ్మ ఏ డబ్బాకూ అన్యాయం చేయలేదు. ఎందులో చూసినా ఆకో, రెమ్మో ఉండనే ఉంది.

ఆయన గడ్డ అంచు పగలగొట్టించి, ఆ దళాన్ని తీసి కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. "శెట్టిగారూ, మా ఇంట్లో అయితే నోట్లో ఏసుకుంటాను. ఆడ పెట్టె తెరిసేవానికి ఇది తులసి అని తెలీదు. వానికి నువ్వూ తెలీదు, నేనూ తెలీదు, మన దేశం పేరొకటే తెలుసు" అన్నాడు. తడి చేతులు తుడుచుకుంటూ, "నీ ఒక్కని కోసం కండ్లు మూసుకుంటే రేపు ఇంకొకనికీ మూసుకోవాల. ఈసారికి కుదరదు. వచ్చే రొయ్యల కాలానికి మళ్లా సూస్తాములే" అన్నాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఆమెకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. ఆయన మంచివాడు కావడం వల్ల నాకు మరింత కోపం వచ్చింది.

వచ్చే కాలం వచ్చేలోగా సంఘం పూనుకుని, సభ్యులందరినీ కలిపి, సరస్సు పక్కనే పెద్ద ఐసు ఫ్యాక్టరీ కట్టించింది. లారీలు ఇక మా దాకా రావలసిన పని లేకపోయింది. నాయన మళ్లీ సోడా కొట్లకు ఐసు వేశాడు. కొన్నాళ్లకు అదీ సన్నగిల్లి యంత్రం ఆపేశాడు. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు ఒక్కసారి ఆగిపోతే ఇల్లు ఇల్లులా లేదు. నేను సంఘాన్ని నోరారా తిట్టాను.

"వాళ్లది తప్పు గాదు పాపా. నేను ఆ కుర్చీలో ఉన్నా అట్లనే సేసుంటాను" అన్నాడు నాయన.

అమ్మను ఒక్క మాట అడగలేదు. అడిగి, తిట్టి, కసిరి ఉంటే ఆమె ఏడ్చి తేలికపడేది. ఆయన "నేనే" అన్న మాటను ఆమె ఏళ్ల తరబడి మోసింది. కొండకు పోవడం మానేసింది. తులసికోటకు నీళ్లు పోసేది గానీ ఆకు తుంచేది కాదు. పూజకు కావలసి వస్తే నన్ను పిలిచి తుంచమనేది. నాకు పెళ్లయి వెళ్లిపోయాక తులసి లేకుండానే పూజ కానిచ్చేది.

ఎనభైల నడుమ నాయన మంచం పట్టాడు. డాక్టరు పెదవి విరిచి వెళ్లాక, మంచాన్ని హాల్లోకి తెచ్చాం. నేను తులసి తుంచి, తీర్థంలో వేసి, గిన్నె అమ్మ చేతికిచ్చాను. ఆమె తీసుకోలేదు.

"నా చేత్తో వద్దు పాపా. నువ్వు పొయ్యి" అంది.

నేను ఉద్ధరిణె పెదవుల దాకా తీసుకుపోయాను. నాయన నోరు తెరవలేదు. పళ్లు బిగించి అమ్మ వైపే చూస్తున్నాడు. అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. అప్పుడు మెల్లగా అన్నాడు.

"ఈడ పరీక్ష సేసేవాళ్లు ఎవరూ లేరే. నువ్వే పొయ్యి."

అమ్మ నా చేతిలోది తీసుకుని పోసింది. సగం దిండు మీద పడింది. తులసాకు ఆయన కిందిపెదవికి అంటుకుని ఉండిపోయింది. అమ్మ దాన్ని తీయలేదు, నన్నూ తీయనివ్వలేదు.