తెరుచుకోని తాళానికి కూలి

వీధి చివర మెట్ల కింద, బీరువా పట్టేంత జాగాలో మారు తాళంచెవులు కోసే ఆయనను అందరూ తాళాలాయన అనే పిలుస్తారు. ఆయన వృత్తికి ఒకటే నియమం: తాళం తెరుచుకుంటేనే కూలి. పూటంతా ఒకరి గడపముందు గొంతుక్కూర్చున్నా, తెరుచుకోకపోతే పనిముట్లు సంచిలో వేసుకుని, గ్లాసెడు మంచినీళ్లు తాగి వచ్చేస్తాడు. అది తన వృత్తి కట్టుబాటని కాక, లోకమంతటి న్యాయమని ఆయన నమ్మకం. అలవాటైన న్యాయమే న్యాయమనుకోవడంలో మనలో ఎవరమూ ఆయనకు తీసిపోము.

ఒకరోజు, వ్యాను నడిపే ఆయన బావమరిదిని పోలీసులు అరెస్టు చేశారు. ఎవరో కిరాయికి ఎక్కించిన పెట్టెల్లో దొంగసొత్తు దొరికింది. తాళాలాయన భార్యను వెంటబెట్టుకుని ఒక లాయరమ్మ దగ్గరకు వెళ్లాడు. బెయిలుకు తన ఫీజు యాభై వేలు అంది ఆమె. ఆయన బేరమాడకుండా తలూపి, మెట్లు దిగుతూ భార్యతో అన్నాడు:

"నీ తమ్ముడు బయటికొచ్చాక వాడే కట్టుకుంటాడులే."

విచారణ రోజు కోర్టు వరండాలో లాయరమ్మ గుమాస్తా ఎదురొచ్చాడు.

"ఫీజు తెచ్చావా, పెద్దాయనా?"

"బెయిలు రానీ బాబూ. రాగానే చేతిలో పెడతాం."

"రాకపోతే?"

"రాకపోతే ఇచ్చేదేముంది?"

గుమాస్తా నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకుని, లాయరమ్మను పిలిచాడు. ఆమె నిలబడే చెప్పింది.

"వచ్చినా రాకపోయినా ఇవ్వాలండీ. ఇది బెయిలుకే. కేసు నడపడానికి వేరే. పై కోర్టుకు వెళ్తే అదీ వేరే."

తాళాలాయన కంటే ముందే భార్య అందుకుంది.

"ఇదెక్కడి చోద్యమమ్మా! అన్నం ఉడక్కపోయినా వంటమనిషికి కూలా?"

"గెలిస్తేనే ఫీజు అంటే, గెలవడానికి దొంగసాక్షినైనా తెస్తాను. అలాంటి లాయరు చేతిలో మీ తమ్ముణ్ణి పెడతారా?" లాయరమ్మ గొంతు పెంచలేదు. "సాయంత్రానికి సగమైనా తెండి. వాదన మాత్రం ఇప్పుడే వినిపిస్తాను."

లోపల జడ్జిగారు ఆమె మాటకు పదేపదే అడ్డు తగిలారు. తెగిన ప్రతిసారీ, తెగిన చోటునుంచే ఆమె మళ్లీ అందుకుంది. మొండి తాళంలో ఊచ జారినప్పుడు చెయ్యి ఎలా ఓపిక పట్టాలో ఎరిగిన తాళాలాయన రెప్ప వేయకుండా చూశాడు. అయినా దర్యాప్తు ముగియలేదని బెయిలు ఇవ్వలేదు.

తీసుకుపోతుంటే బావమరిది వెనక్కి తిరిగాడు.

"ఏంటి బావా ఇది! ఈవిడ దండగ. ఇంకెవరినైనా చూడు."

"నోర్ముయ్‌రా. ఆవిడ పని ఆవిడ చేసింది."

అన్న తరువాత తన మాటకు తానే అదిరిపడ్డాడు. తెరుచుకోని తాళం ముందు ఇన్నేళ్లలో తనతో ఎవరూ ఆ మాట అనలేదు. తనకు తానూ చెప్పుకోలేదు.

సాయంత్రం తాళంచెవులు కోసే యంత్రాన్ని ఎదురు కొట్టువాడికి అమ్మేశాడు. ఇక పని ఆకురాయితోనే. వచ్చిన పాతిక వేలు లాయరమ్మ బల్లమీద పెట్టి, పై కోర్టుకు ఎంతవుతుందో ఈసారి తానే ముందుగా అడిగాడు. విని, బయట బెంచీమీద కూర్చున్న భార్య దగ్గరకు వచ్చాడు.

"ఏమండీ, ఎంతట?"

"లక్ష."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నెమ్మదిగా అడిగింది.

"తెరుచుకోకపోయినా ఇవ్వాలా?"

"తెరుచుకోకపోయినా."