నాలుగో ఏడు

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పత్తి తేమ కొలిచే యలమంద బీయస్సీ చదివినవాడు. మీటరు ఎనిమిదిన్నర చూపిస్తే ఎనిమిదిన్నరే రాస్తాడు, తొమ్మిది రాయమంటే రాయడు. నెల రోజులుగా మాత్రం లారీల మధ్య బండి నడుపుతూ హెల్మెట్ లోపల ఒకటే గొణుగుడు: “ఎట్ ది ఏజ్ ఆఫ్ టూ... ఆన్ హర్ థర్డ్ బర్త్‌డే...” ఎట్ అనాల్సిన చోట ఇన్ అని నోరు జారితే, చిరాగ్గా హారన్ నొక్కి మళ్ళీ మొదటికొస్తాడు. ఎల్‌కేజీ సీటుకి తల్లిదండ్రులను కూడా ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారట. తన ఇంగ్లీషు వల్ల కూతురు తేజశ్రీకి సీటు పోతుందేమోనని అతని భయం.

శనివారం స్కూల్లో ఒక్క తప్పూ దొర్లలేదు. హెడ్మిస్ట్రెస్ మెచ్చుకోలుగా తలూపి, ఫారం తిరగేసి, తెలుగులోకి దిగింది.

“వయసు నాలుగని రాశారేంటండీ? సర్టిఫికెట్‌లో మూడేళ్ళ రెండు నెలలేగా?”

“మూడు నిండాయి కదండీ, నాలుగో ఏడు నడుస్తోంది. మా ఇంట్లో అలాగే చెప్తామండి.”

“ఎల్‌కేజీకి నాలుగు నిండాలండీ. వచ్చే ఏడాది రండి.”

బయటికొచ్చాక బండి రెండుసార్లు తన్నినా స్టార్ట్ కాలేదు. ముందు కూర్చున్న తేజశ్రీతో యలమంద విసుగ్గా అన్నాడు: “ఇకనుంచి ఎవరడిగినా మూడేళ్ళని చెప్పు.”

“నిన్నటిదాకా నాలుగన్నావుగా నాన్నా, ఇంకోటి ఏం చేశావు?”

యలమంద బండిని మూడోసారి గట్టిగా తన్నాడు.