మోడెం లేని గుట్ట

దెయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. ఫిల్మ్ నగర్‌లో ఉద్యోగం చేసేవాళ్ళకి ఆ భయం ఎక్కడి నుంచి వస్తుంది? తెల్లచీర కట్టుకుని, మూతి నిండా ఎర్రరంగు పూసుకున్న పిల్ల మా వీధి టిఫిన్ బండి దగ్గర "చట్నీ ఇంకొంచెం వెయ్యన్నా" అనడం నేను కళ్ళారా చూశాను. కాబట్టి ఇది చదివి నన్ను ఆ బాపతు మనిషి కింద జమకట్టకండి.

మా ఆఫీసు ఒక డ్యాన్స్ రిహార్సల్ హాలు పైన ఉంటుంది. భూమి కదలికల్ని పట్టే యంత్రాలు ఎక్కడో గుట్టల మీద, అడవుల్లో ఉంటాయి. వాటి డేటా మోడెం ద్వారా మాకు వస్తుంది. ఒక్కో స్టేషన్‌కి నా తెర మీద ఒక్కో గీత. ఆ గీతలు ఆగిపోకుండా చూసుకోవడమే నా పని. కాకినాడలో మా అమ్మ మాత్రం ఇప్పటికీ నేను సినిమాల్లో ఉన్నాననే చెప్పుకుంటుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. స్టేషన్ బాగుచేశాక, అక్కడున్న మనిషి యంత్రం పక్కన నిలబడి మడమతో నేలని గట్టిగా కొట్టాలి. ఆ అదురు నా తెర మీద కనిపిస్తే ఫోన్లో "వచ్చింది" అంటాను. లేకపోతే "రాలేదు, ఇంకోసారి" అంటాను. నా నోటి నుంచి "వచ్చింది" అన్న మాట వినేదాకా ఆ మనిషి అక్కడి నుంచి కదలకూడదు.

స్టేషన్లకి వెళ్ళేది యాదగిరి గారు. బోరబండలో ఉంటారు. ఆయన కొట్టే తీరు ఆయనదే. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి. వందమంది కొట్టినా అందులో ఆయన దెబ్బ నేను గుర్తుపట్టగలను.

ఆ వానాకాలం నల్లమల వైపు ఒక గుట్ట మీది స్టేషన్‌లో పిడుగుకి మోడెం కాలిపోయింది. యాదగిరి గారే దాన్ని ఊడదీసి తెచ్చారు. బాగుచేయించి, కవర్లో చుట్టి, నా చేతులతోనే మళ్ళీ ఆయన సంచిలో పెట్టాను. పొద్దున్నే బయలుదేరి వెళ్ళారు. సాయంత్రానికి ఫోను కలవలేదు. అక్కడ కుండపోత వాన, వాగు పొంగిందని తెలిసింది.

మర్నాడు ఆయన భార్య అనిత ఆఫీసుకి వచ్చేసింది. ఇంట్లో ఉండలేకపోయిందట. నా పక్క కుర్చీలో కూర్చుని ఒకటే మాట. "ఏడున్నడో జర కనుక్కోండి మేడం." నాకేం తెలుసు కనుక్కోవడానికి? అక్కడ వెతికేవాళ్ళు నలుగురైదుగురే. వాగు దాటబోయి కొట్టుకుపోయి ఉంటాడని, వాగు వెంట కిందికి వెతుకుతున్నారు. మళ్ళీ వాన మొదలైతే అదీ ఆపేస్తామన్నారు.

మధ్యాహ్నం కావస్తుండగా, ఆ గుట్ట గీత కదిలింది.

వెంటవెంటనే రెండు. కాస్త ఆగి ఒకటి.

అనిత కూడా చూసింది. ఆమెకి దాని అర్థం తెలియదు. నాకు తెలుసు. అలవాటు ప్రకారం "వచ్చింది" అనబోయాను. నోరు పెగల్లేదు. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. ఆగడం లేదు.

ముందు కింద రిహార్సల్ వాళ్ళ మీద అనుమానం వచ్చింది. వెళ్ళి చూస్తే హాలుకి తాళం. మిగతా స్టేషన్ల గీతలు మామూలుగానే ఉన్నాయి. ఆయన గుట్టెక్కి మోడెం బిగించి ఉంటే, స్టేషన్‌లోని పెట్టె ఆన్ కాగానే మాకు మెసేజ్ రావాలి. అదీ రాలేదు.

అయినా మా మేనేజర్ దగ్గరికి పరుగెత్తి అబద్ధం చెప్పాను. "స్టేషన్ పనిచేస్తోందండీ, మెసేజ్ కూడా వచ్చింది. యాదగిరి గారు గుట్ట మీదే ఉన్నారు. వాళ్ళని వాగు వదిలేసి పైకి వెళ్ళమనండి." ఆయన ఫోన్ చేశారు. ఒకవేళ అక్కడ ఎవరూ లేకపోతే, ఈలోగా వాగులో యాదగిరి గారి ప్రాణం పోతే, ఆ పాపం నాదే. ఆ భయంతోనే తెర ముందు కూర్చున్నాను.

వాళ్ళు గుట్టెక్కారు. స్టేషన్ పెట్టెకి వేసిన తాళం వేసినట్టే ఉంది. అక్కడ ఎవరూ లేరు. అది విని అనిత గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోయింది.

ఇంకోవైపు నుంచి దిగుతూ ఉంటే, రెండు బండల మధ్య ఇరుక్కుని యాదగిరి గారు కనిపించారట. కాలు విరిగింది, ప్రాణం ఉంది. మోడెం సంచిలో, నేను చుట్టిన కవర్లోనే ఉంది. దొరికాడని ఫోన్ వచ్చాక చూస్తే, గీత కదలడం లేదు.

ఎప్పటిదో పాత డేటా తిరిగి వచ్చి ఉంటుందని మా సర్వర్ చూసుకునే అబ్బాయి తేల్చేశాడు. నేనూ అదే నమ్ముదామనుకున్నాను. కానీ పాత డేటాలో ఆయన ఒకటి రెండుసార్లు కొట్టి ఆపేసేవారు. ఆ రోజు వచ్చినట్టు ఆగకుండా కొట్టిన దెబ్బలు ఎక్కడా లేవు. ఒకవేళ అంత దూరంలో బండ మీద పడిన దెబ్బని యంత్రం పట్టిందే అనుకుందాం. పంపడానికి అక్కడ ఏముంది?

ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళాను. తడిసి, ఆ చలిలో నిద్రలోకి జారుకుని ఉంటే ఇక లేచేవాడు కాదని డాక్టర్ అనితతో చెప్పారట. ఆయన మాత్రం నన్ను చూడగానే నిష్ఠూరంగా ముఖం పెట్టారు.

"మంచిగున్న కాలుతోని బండని కొడుతనే ఉన్న మేడం. చెవుల మీ గొంతే. రాలేదు, ఇంకోసారి. రాలేదు, ఇంకోసారి. మస్తు నిద్దరొస్తుండె. జర వచ్చిందని చెప్పుండ్రి, పండుకుంటా అని ఎంత బతిమాలిన్నో. మీరు చెప్పనే లేదు."

బయటికి వచ్చి, మధురానగర్‌లో మా ఇంటికి ఆటో ఎక్కాక ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన విన్న మాట నేను అనలేదు. ఆ రోజంతా తెర ముందు నేను పెదవి విప్పలేదు. ఇన్నేళ్ళుగా మడమ దెబ్బ కనపడగానే దానంతటదే నా నోట్లోంచి ఊడిపడే ఆ ఒక్క మాట, ఆ మధ్యాహ్నం ఎందుకు బయటికి రాలేదో, వచ్చి ఉంటే ఏమయ్యేదో, నాకు ఇప్పటికీ తెలియదు.