పరదా వెనకాల తల్లి

ఎల్లవ్వకు పన్నెండేళ్లప్పుడు మేనత్త ఆమెను హైదరాబాదు తీసుకుపోయి ఒక దేవిడీలో పనికి పెట్టింది. నిజాం ఇంటికి కోడలై వచ్చిన తుర్కీ రాజకుమార్తె పరివారం ఉండే చోటది. బట్టల గదిలో ఇస్తంబోలు నుంచి వచ్చిన ఒక ముసలి దాసి ఉండేది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తూ, వచ్చీరాని ఉర్దూలో తమ సుల్తానుల కథలు చెప్పేది. వాటిలో ఒకటి ఎల్లవ్వ మరిచిపోలేదు.

సుల్తాను పసివాడు. రాజ్యం తల్లి చూసుకోవాలి. దర్బారులో పరదా కట్టేవారు. వజీర్లు ఆ పరదాకు వంగి సలాం చేసి యుద్ధాల సంగతి చెప్పుకునేవారు. లోపలి నుంచి ఆమె ఒకటి రెండు మాటలు అనేది. ఫౌజు కదిలేది. కొడుకు పెద్దవాడయ్యాక కూడా ఆమె గదిలోకి వస్తే, కూర్చోమనే దాకా నిలబడే ఉండేవాడు. గడప దాటని ఆ తల్లి ఊరి బాటల వెంట రాతి తొట్లు కట్టించి, దారినపోయే వాళ్లకు మంచినీళ్లు పారించింది.

పెళ్లయి ఎల్లవ్వ రుద్రూర్ వచ్చింది. మొగుడు పేతురు పోయాక బోధన్ చేరి, చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరకు తూచే కాటా ఆఫీసరు రాజేశ్వర్ ఇంట్లో పనికి కుదిరింది. అంట్లు తోమేది, బట్టలు ఉతికేది, ఆఫీసరు తల్లి తారాబాయి మోకాళ్లకు నూనె రాసేది. నీళ్ల బిందె మాత్రం ముట్టేది కాదు. అది ఎవరూ చెప్పిన మాట కాదు, ఎవరూ మరిచిన మాటా కాదు.

చెరకు కాలంలో వర్ని రోడ్డు మీద కాటా ముందు బళ్లు వరుస కట్టేవి. తూకానికి ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు రోజులు. వంతు పోతుందని ఎవరూ బండి విడిచి దూరం పోరు. ఎడ్లు దిగే కాలువ గుంటలోనే ఆడవాళ్లూ ముంచుకునేవారు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఎల్లవ్వ కూతురు శారమ్మ మూడు నెలల బిడ్డతో మొగుడి బండి వెంట వచ్చి, ఆ నీళ్లు తాగి, వాంతులూ విరేచనాలతో పడిపోయింది. బతికింది. పాలు ఎండిపోయాయి. చెరకు ఇంకా సగం పొలంలోనే ఉంది. ఆమె మళ్లీ ఆ వరుసలోకే రావాలి.

బండ్లవాళ్లు మంచినీళ్ల కోసం రెండుసార్లు దరఖాస్తు ఇచ్చారు. చూద్దామన్నాడు రాజేశ్వర్.

ఒక మధ్యాహ్నం నూనె రాస్తూ ఎల్లవ్వ అడిగింది. "అమ్మా, కాటా కాడ ఒక్క నల్లా పెట్టియ్యమని సారుకు చెప్పరాదు?"

తారాబాయి నవ్వింది. "నా మాటనా? పప్పుల ఉప్పెక్కువైందంటెనే వినడు వాడు."

ఎల్లవ్వ చేయి ఆపకుండా తుర్కీ తల్లి కథ చెప్పింది.

"గంత పెద్ద సుల్తాను తల్లి ముంగట నిలబడెటోడా?"

"కూసొమ్మనేదాంక."

"మావోడు గూడ నిలబడుతడు తియ్యి. చెప్పులు దొరకనప్పుడు."

ఇద్దరూ నవ్వారు. తారాబాయి చీర మోకాళ్ల మీదికి లాక్కుంది.

"గా గుంట నీళ్లు రేపు జెర పట్కరా," అంది.

"ఎందుకమ్మా?"

"తే అంటున్న గద."

మరునాడు ఎల్లవ్వ తన చెంబులో ఆ నీళ్లు తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టింది. పని పోతుందనిపించింది. పోతే కూతురికీ మనవడికీ తన చేతి నుంచి వెళ్లే గంజి కూడా పోతుంది.

రాజేశ్వర్ భోజనానికి కూర్చున్నాడు. తారాబాయి ఆ చెంబు తానే తీసుకుని గ్లాసులో వంచింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి. అడుగున మట్టి తిరుగుతోంది.

"గివేం నీళ్లు, ఆయీ?"

"నీ కాటా కాడివి. బాలింతలు తాగుతున్నరు." గ్లాసు నోటి దగ్గరికి ఎత్తింది.

అతను లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అప్పటికే ఒక గుక్క దిగింది. మిగిలినవి చీర మీద ఒలికాయి. అతను భయపడింది రోగానికో, ఆ చెంబు ఎవరిదన్నదానికో ఎల్లవ్వకు తెలియలేదు.

"ఎవరు తెచ్చిండ్రు?"

"నేనే తెప్పిచ్చిన. ఎల్లవ్వను ఒక్క మాట అన్నవంటె, సూడు మరి."

అన్నం చల్లారుతోంది. అతను నిలబడే ఉన్నాడు. తల్లి అతన్ని కూర్చోమనలేదు.

పన్నెండు రోజులకు కాటా పక్కన నల్లా వచ్చింది.

చూడాలని తారాబాయి పట్టుపట్టింది. ఎల్లవ్వ భుజం పట్టుకుని మెల్లగా నడిచింది. అక్కడ శారమ్మ బిందె నింపుకుంటోంది.

"అవ్వా, మీ సారు దేవుడసొంటోడే," అంది తల్లిని చూసి.

ఎల్లవ్వ నోరు తెరిచింది. తారాబాయి ఆమె భుజం గిల్లింది. శారమ్మ బిందె ఎత్తుకుని బండి వైపు వెళ్లిపోయింది.

"చెప్పనియ్యరేందమ్మా?"

"ఊకో. గా తుర్కీ తల్లి పరదా తీసిందా?"

ఎండ ఎక్కింది. తారాబాయి మోకాళ్లు వంగవు, నల్లా కిందికి ఉంది. ఆమె నిలబడే రెండు చేతులూ దోసిలి పట్టింది.

"పొయ్యి," అంది.

ఎల్లవ్వ అటూ ఇటూ చూసింది. తన చెంబు నల్లా కింద పెట్టి, రెండుసార్లు తొలిచి, నింపింది. తారాబాయి చేతుల మీదికి వంచింది. నీళ్లు సన్నగా దోసిట్లో పడ్డాయి.

తారాబాయి కళ్లు మూసుకుని తాగింది. మోచేతుల మీదుగా నీళ్లు కారాయి.

"ఇంకింత పొయ్యి, ఎల్లవ్వా."