తెరచాప నీడ

మా పెద్దనాన్న ముప్పై ఏళ్లు తెరచాప పడవలు నడిపాడు. జబ్బుపడ్డ పెద్దమ్మకు ఆమె పుట్టిన దీవిని చివరిసారి చూపించాలని, ఆక్సిజన్ మెషిన్ కోసం ఏరికోరి సోలార్ పలకలు తెచ్చి పడవ గది పైకప్పు మీద బిగించాడు. రేవులో చాప చుట్టి ఉండగా చూస్తే మెషిన్ భేషుగ్గా నడిచింది. సముద్రంలో చాప నీడ పలకల మీద పడి కరెంటు సన్నగిల్లింది. అన్నేళ్లు నడిపినవాడికి ఆ నీడే తట్టలేదు.

"చాప దించకండి, గాలి బాగుంది. కాసేపు మెషిన్ లేకపోతే చావనులెండి," అంది పెద్దమ్మ.

"నోరు మూసుకుని ఊపిరి పీల్చు," అంటూ ఆయన చాప దించేశాడు.

మెషిన్ నడిచింది, పడవ ఆగిపోయింది. దీవి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. చివరికి పొద్దు వాలుతుంటే, రేవుకు తిరిగొస్తున్న మోటారు పడవవాళ్లు వెనక్కి లాక్కొచ్చారు.

పెద్దమ్మ ఆ నెలలోనే పోయింది. పెద్దనాన్న పలకలను నీడ పడని చోటికి మార్చాడు. ఇప్పుడు కరెంటు నిండుగా వస్తోంది.