లెక్కలక్క పెట్టని ముహూర్తం

“నేను రాసిచ్చిన చీటీలో పదీ ఇరవై ఉంది. నువ్వు ఆయనకి తొమ్మిదీ ఇరవై అని చెప్పావు. మధ్యలో ఆ గంటని ఎవరు మింగారు?”

“గట్టిగా అరవకక్కా. బయట మనిషి కూర్చున్నాడు.”

“కూర్చోనీ! ఆయన కొట్టు ముహూర్తం గురించే కదా మాట్లాడుతున్నాం.”

బయట కూర్చున్న లాండ్రీ ఆయన నిజంగానే వింటున్నాడు. వినక చస్తాడా! ముందు గదికీ వెనక గదికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క పలక. అవతల తుమ్మితే ఇవతల చిరంజీవ అనాల్సిందే. కొత్త కొట్టు తెరిచిన మూడో రోజే ఆయన పెద్ద మిషను మోటారు కాలిపోయింది. ముహూర్తం పెట్టిన సిద్ధాంతిని నిలదీద్దామని పొద్దున్నే వచ్చాడు.

సిద్ధాంతి కండువా సర్దుకుంటూ బయటికి వచ్చాడు. ముఖాన అదే పాత చిరునవ్వు.

“ఏమీ అనుకోకండి. చీటీ రాసేటప్పుడు మా అక్క పొరపాటు పడింది. వయసు మీద పడుతోంది కదా, చూపు ఆనడం లేదు. ఇకమీదట ఆవిడ చేత టీ తప్ప ఇంకేం పెట్టించను లెండి.”

లాండ్రీ ఆయన నేల చూపులు చూశాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

పలక అవతల లెక్కలక్క పెన్సిల్ కింద పెట్టేసింది. మళ్ళీ ఆ గదిలో ఆ పెన్సిల్ ముట్టుకోలేదు.

ఆ పేరు ఆవిడకి వీధివాళ్ళు పెట్టినది. అసలు పేరు అడిగే అవసరం ఎవరికీ రాలేదు, అదీ బాధ. తండ్రి పిల్లలిద్దరికీ పంచాంగం నేర్పాడు. తమ్ముడికి గొంతు వచ్చింది, అక్కకి బుర్ర వచ్చింది. తండ్రి పోయాక తమ్ముడు ముందు గదిలో కుర్చీ వేసుకున్నాడు. అక్కకి వెనక గదిలో ఫ్రిజ్ పక్కన స్టూలు దొరికింది. పద్దెనిమిదేళ్లు ఆ స్టూలు మీద కూర్చుని పాత శుభలేఖల వెనకవైపు ఊరందరి పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, కొట్లకీ లెక్కలు కట్టింది. తమ్ముడు వాటిని రాగం తీసి చదివాడు, దండాలు పెట్టించుకున్నాడు. “మరి నీ పెళ్ళి?” అని ఎవరైనా అడిగితే, “ఆ ఒక్క లెక్కే కుదరలేదు,” అని నవ్వేసేది.

ముహూర్తాల లెక్కలో ఒక మెలిక ఉంది. వాళ్ళుండేది పరాయి దేశంలో, చూసే పంచాంగం అచ్చయ్యేది సొంత దేశంలో. అందులో ఉండే సమయాలు ఆ దేశపు గడియారానివి. రెండు దేశాల తేడా తీసేస్తేనే ఇక్కడి సమయం వస్తుంది. అంతటితో అయిపోతే ఎవరైనా చేస్తారు. ఇక్కడ ఎండాకాలం రాగానే గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, చలి మొదలవగానే ఒక ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. ఏ తేదీకి ఏ తేడానో చూసుకోకపోతే ముహూర్తం గంట అటో ఇటో పడుతుంది. లాండ్రీ ఆయన విషయంలో జరిగింది అదే. అక్క చీటీ ఎక్కడో పారేసుకుని, తమ్ముడు సొంతంగా లెక్క కట్టాడు, ఎండాకాలపు గంట కలపడం మరిచాడు.

వారం తిరక్కుండా ఆవిడ ఇల్లు వదిలేసింది. పంచాంగాలు కూడా తీసుకెళ్ళలేదు. తలలో ఉన్నదాన్ని మూట కట్టుకోనక్కర్లేదు కదా. టైలర్ దుకాణం మీద ఒక గది తీసుకుని, కింద గుండీలు కుట్టే పనికి కుదిరింది. ప్రతి గుండీకీ దారం బిగించి పళ్ళతో పుటుక్కున కొరికేది. అప్పుడు ఆవిడ మనసులో ఎవరి పీక ఉండేదో చెప్పాలా?

ఎండలు తగ్గేవేళకి కార్డు వచ్చింది. సిద్ధాంతి షాపింగ్ కాంప్లెక్సులో కొత్త ఆఫీసు తెరుస్తున్నాడు. బుధవారం, పదీ ఇరవైకి. ఆవిడ కార్డు తిరగేసింది. గుండీల డబ్బాలోంచి సుద్దముక్క తీసి రెండు వరసల్లో లెక్క తేల్చేసింది.

గడియారాలు వెనక్కి తిప్పేది ఆ ముందు ఆదివారమే. అక్క పెట్టిన కేకలు తమ్ముడికి బాగానే గుర్తున్నాయి, గంట కలిపాడు. కానీ ఆ బుధవారానికి కలపకూడదు. అసలు ముహూర్తం తొమ్మిదీ ఇరవై. పదీ అయిదుకి వర్జ్యం వచ్చేస్తుంది. ఏ కొత్త పనికీ పనికిరాని గంటన్నర అది.

ఆవిడ సుద్దని చెరపలేదు. కార్డుని అద్దం అంచున దోపుకుని రోజూ చూసుకుంది.

నాలుగు రోజుల ముందు మరదలు ఫోన్ చేసింది. “వదినా, మీ తమ్ముడికి తెలియకుండా చేస్తున్నా. ముహూర్తం ఒక్కసారి చూడవా? నాకెందుకో భయంగా ఉంది.”

ఒక్క క్షణం అసలు సమయం నాలుక చివరిదాకా వచ్చింది. అడిగినవాళ్ళకి చెప్పకపోవడం పాపమనేవాడు తండ్రి. అయితే అడగాల్సినవాడు అడగలేదు.

“సిద్ధాంతి గారు పెట్టిన ముహూర్తానికి నేను వంక పెట్టడమా? టీ కాచేదాన్నమ్మా నేను,” అని ఫోన్ పెట్టేసింది.

బుధవారం ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. నలభైమంది దాకా వచ్చారు, అందరూ ఆవిడ పెట్టిన ముహూర్తాలతో కాపురాలూ కొట్లూ పెట్టుకున్నవాళ్ళే. లాండ్రీ ఆయనా వచ్చాడు. సరిగ్గా పదీ ఇరవైకి సిద్ధాంతి రిబ్బను కోశాడు. చప్పట్లు ఆగేదాకా ఆవిడ ఆగింది.

“తమ్ముడూ, ఇవాళ వర్జ్యం ఎప్పుడు మొదలు?”

“పదకొండూ అయిదుకి. ఇంకా ముప్పావుగంట ఉందిలే అక్కా.”

“ఆదివారం ఇంట్లో గడియారం వెనక్కి తిప్పావా?”

“తిప్పకుండా ఉంటానా?”

“మరి లెక్కని తిప్పావా?”

సిద్ధాంతి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. వేళ్ళు వాటంతటవే గంటలు లెక్కపెట్టాయి. అందరూ ఆ వేళ్ళనే చూస్తున్నారు.

“అంటే పదీ అయిదుకే వచ్చేసిందన్నమాట!” అన్నాడు లాండ్రీ ఆయన, ఇన్నాళ్ళూ మింగిందంతా కక్కేస్తూ. “వర్జ్యంలో కోశారే రిబ్బను! ఈసారి చీటీ రాసిందెవరండీ? ఆవిడ ఇంట్లో కూడా లేదు కదా!”

ఎవరో కిసుక్కుమన్నారు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిద్ధాంతి కత్తెర పక్కన పెట్టాడు.

“నీకు ముందే తెలుసా అక్కా?”

“కార్డు వచ్చిన రోజే తెలుసు.”

“చెప్పొచ్చు కదా!”

“చెప్పొచ్చు.”

ఆవిడ లేచి నిలబడింది. హాల్లో చివరివాడికి కూడా వినపడేలా, పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ వాడని గొంతుతో అంది:

“లాండ్రీ ఆయన తన కొట్టు పక్క గది నాకిస్తున్నాడు తమ్ముడూ. నా పేరుతో బోర్డు పెట్టుకుంటున్నా. దానికో మంచిరోజు నువ్వే చూసిపెట్టాలి. ఇంటికెళ్ళి కాదు. ఇక్కడే, వీళ్ళందరి ముందూ, కాగితం మీద లెక్క కట్టి చూపించు.”